కథ చదివి లెక్క కట్టుడు

శాస్త్ర కల్పనా కథలు వట్టి కాలక్షేపమని మనలో పలువురి అభిప్రాయము. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు 1949లో ఇట్టి కథల కొఱకే ఒక సంఘమును స్థాపించిరి. తాము అభిమానులము కామనీ, పాఠకులము మాత్రమేననీ చెప్పుకొనుట వారి వాడుక. ఉత్సవములకన్న గ్రంథాలయమే వారి ప్రధాన కృషి. అందిపుడు వేలకొలది పుస్తకములున్నవి. ఆ విద్యాసంస్థలోనే 1962లో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు 'స్పేస్‌వార్' అను కంప్యూటరు ఆటను రూపొందించిరి. దానికి ప్రేరణ ఇ. ఇ. స్మిత్ నవలలు.

ఇది మెచ్చదగినదే. అయినను పుస్తకములు కూర్చుట వేరు, కథను పరీక్షించుట వేరు. జూల్ వెర్న్ 1865లో వ్రాసిన చంద్రయాత్ర నవలను చూడుడు. అందు 900 అడుగుల ఫిరంగి నుండి ముగ్గురు మనుష్యులను సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగముతో పంపుదురు. వేగపు వర్గమును గొట్టపు పొడవునకు రెట్టింపుతో భాగింపుడు. త్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు సుమారు 22 వేల రెట్లు వచ్చును. రచయిత అడుగున నీటిమెత్త అమర్చినను, ప్రయాణికులు గొట్టము దాటకముందే నలిగిపోవుదురు.

ఈ సూత్రము ఉన్నత పాఠశాలలో చెప్పునదే. మా తరగతిలో దానిని తడుముకొనక అప్పజెప్పువారు చాలమంది; ఎచ్చట వాడవలెనో చెప్పగలవారు కొద్దిమంది.

శ్రీకాకుళములో కాళీపట్నం రామారావుగారు 1997లో నెలకొల్పిన కథానిలయము తెలుగు కథలను భద్రపరచినది. కూర్చు పని ఆయన చేసిపెట్టిరి. విజయనగరం, శ్రీకాకుళం విద్యార్థులకు మిగిలినది పరీక్షించు పని. నెలకొక కథ, పదిమంది పాఠకులు, ఒక నల్లబల్ల ఉన్నచో సంఘము ఏర్పడినట్లే.