బర్టన్ బావినీటి బీరు

వేరుసెనగ పైరు పూతకు వచ్చి ఊడలు దిగుటకు సిద్ధముగా నున్న వేళ అనంతపురము రైతు మొదళ్ల చెంత చల్లి మట్టి ఎగదోయునట్టి జిప్సం, కాయకు కావలసిన కాల్షియమును గంధకమును సమకూర్చు ఎరువుగా మాత్రమే మనకు పరిచితము. ఆ ఖనిజమే ఇంగ్లండు నడిభాగమున, స్టాఫర్డ్‌షైరు మండలములోని ట్రెంటు నదీతీరమున, బర్టన్ అను చిన్న పట్టణము క్రింద పొరలు పొరలుగా పరచుకొని యుండుటచేత, అచ్చటి బావులలో ఊరు నీరు పందొమ్మిదవ శతాబ్దమున ఖండాంతరములకు ఎగుమతియైన పేల్ ఏల్ అను లేతవన్నె బీరునకు ప్రాణాధారమయ్యెను. ఆ బీరును పూర్వపు తీరున కాచు కర్మాగారములు నేడు బహుస్వల్పము. ఆ విద్యను నిలుపుకొనినవారిలో పెక్కురు తమ వంటయిండ్లలో ఇరువది లీటర్ల పాత్రతో కుస్తీ పట్టు గృహస్థులే. వారి చేతిపని ఎట్టిదో, అందు శాస్త్రమెంతయో ఓర్పెంతయో చెప్పుట నా ఉద్దేశము.

బర్టన్‌లో బీరు కాచుట ప్రాచీనమైన వృత్తి. పదునొకండవ శతాబ్దారంభమున వుల్ఫ్రిక్ స్పాట్ అను ప్రభువు నెలకొల్పిన బెనెడిక్టైన్ మఠపు సన్యాసులు ఆ వృత్తికి ఆద్యులని చెప్పుదురు. అయితే పదునెనిమిదవ శతాబ్దమున ఆ ఊరికి కీర్తి తెచ్చిన బీరు లేతవన్నెది కాదు. చిక్కగా, తియ్యగా, ముదురు రంగుతో ఉండి, ట్రెంటు మీదుగా హల్ రేవునకును, అచ్చటినుండి బాల్టిక్ తీరములకును రష్యాకును సాగిపోవునది. మొదట నెపోలియను యుద్ధములును, పిమ్మట 1822లో రష్యా పెంచిన సుంకములును ఆ వర్తకమును కుంగదీసినవి. ఆ దుర్దినములలోనే ఈస్టిండియా కంపెనీ డైరెక్టరులలో నొకడు శామ్యూల్ ఆల్సప్ అను బర్టన్ వ్యాపారిని పిలిచి, లండను చెంతనున్న బో గ్రామమున హాడ్జ్‌సన్ కుటుంబము కాచి కలకత్తాకు పంపుచున్న లేత బీరును చూపి, ఇట్టిది మీరు చేయగలరా యని అడిగెనట. ఆల్సప్ వద్ద మాల్టును, అనగా మొలకెత్తించి ఎండబెట్టిన యవలను, సిద్ధము చేయు జాబ్ గుడ్‌హెడ్ అనునతడు తొలి నమూనాను ఒక తేనీటి కూజాలో కాచెనని ఐతిహ్యము. ఇది నిజమైనను కాకున్నను నాకు ఇష్టమైన కథ. ఏలయన, ఉత్తరోత్తరా ఓడల కొలది పీపాలు నింపిన పరిశ్రమకు మూలము ఇంటి కాపు కన్నను చిన్న కాపు అని అది చెప్పుచున్నది.

ఇంత ప్రీతి చూపదగని కథ మరియొకటి కలదు. గుడ్‌హోప్ అగ్రమును చుట్టి, భూమధ్యరేఖను రెండు మారులు దాటి, నాలుగైదు నెలలకు గాని హిందూదేశము చేరని ఓడప్రయాణమును తట్టుకొనుటకై హాడ్జ్‌సన్ ఒక క్రొత్త బీరును కనిపెట్టెనని చెప్పుకొనెడి మాట అది. వాస్తవమున కనిపెట్టుట యేమియు జరుగలేదు. ఆంగ్ల భూస్వాముల ఇండ్లలో అక్టోబరు మాసమున క్రొత్త యవధాన్యముతోను చేదునిచ్చు క్రొత్త హాప్ పువ్వులతోను గాఢముగా కాచి, నేలమాళిగలో ఏడాది రెండేడులు మాగబెట్టిన పిమ్మట అతిథులకు పోయు లేతవన్నె బీరు అంతకు పూర్వమే ప్రసిద్ధము. హాడ్జ్‌సన్ చేసినదెల్ల, కంపెనీ ఓడలు లంగరు వేయు తావునకు చేరువలో నుండుటయు, ఓడ కప్తానులకు ధారాళముగా అరువిచ్చుటయు. మాళిగలో రెండేండ్లు పట్టు పరిణామమును ఓడ కుదుపును ఉష్ణదేశపు వేడిమియు కొన్ని నెలలలో సాధించినవి. కలకత్తాలోను మద్రాసులోను దిగిన పీపా పక్వమై దిగెను. దానిని త్రాగినవారు దొరలును సైనికాధికారులును. సామాన్య సిపాయికి ప్రాప్తించినది పోర్టర్ అను నల్లని బీరే. కావున ఈ ఘనమైన ఎగుమతి సరకునకు వంశమూలము ఇంటి కాపు. నేటి గృహస్థుడు దానిని మరల పొయ్యిమీదికి ఎక్కించుట పుట్టినింటికి తెచ్చుటయే.

బర్టన్ నకలు లండను అసలును మించిపోవుటకు కారణము నీరు. లండను బావుల నీటిలో కార్బొనేటులు హెచ్చు. అవి మాడ్చిన మాల్టుతో కాచు నల్లని బీరునకు ఒప్పును గాని లేత బీరును మొరటుగా, ముదురు రంగుదానిగా చేయును. బర్టన్ నీటిలో లీటరునకు సుమారు 270 మిల్లీగ్రాముల కాల్షియమును 600కు పైబడిన సల్ఫేటును ఉండును. కాల్షియము మాల్టులోని ఫాస్ఫేటులతో కలిసి, మాల్టును నీటితో కలిపిన గుజ్జునకు తగినంత ఆమ్లత్వము నొసగును. దానివలన పిండిపదార్థమును చక్కెరగా మార్చు ఎంజైములు చురుకెక్కును, పొట్టులోని వగరు దిగదు, పులిసిన పిదప ఈస్టు త్వరగా అడుగునకు పేరుకొనును. సల్ఫేటు హాప్ చేదును పొడిగా, కోసినట్టుగా నాలుకకు అందించి, జిడ్డు తగులకుండ ముగించును. బీరు కాపునకు శాస్త్రమును జోడించిన రసాయనికులు ఆ ఊరిలో పనిచేసిరి. ఆల్సప్ కర్మాగారమున పనిచేసిన పీటర్ గ్రీస్, 1858లోనే డయాజో సమ్మేళనములను కనుగొని, కృత్రిమ రంగుల పరిశ్రమకు దారి వేసినవాడు; నీటిలో నైట్రైటు జాడ పట్టు పరీక్ష నేటికిని అతని పేర చెల్లుచున్నది. బాస్ కర్మాగారపు కర్నీలియస్ ఓసల్లివన్ మాల్టోజు అను చక్కెర స్వరూపమును 1872లో నిరూపించెను. 1878లో విన్సెంటు అను రసాయనికుడు బర్టన్ నీటి గుణమునకు జిప్సమే మూలమని తేల్చి, ఏ ఊరి నీటినైనను ఆ రీతికి మార్చు ఉపాయము చెప్పెను. బాస్ వారి ఎర్రని త్రిభుజము బ్రిటనులో మొట్టమొదటి వ్యాపారచిహ్నముగా 1876లో నమోదైనది, 1882లో మానే అను చిత్రకారుడు చిత్రించిన పారిస్ మధుశాల బల్లమీద సీసాపై నేటికిని కనబడుచున్నది. చిహ్నమునకు చట్టము కాపుండెను గాని నీటికి కాపు లేకపోయెను. చిహ్నము నమోదైన రెండేండ్లలో బర్టన్ సొత్తు చెంచాతో కొలువదగిన వస్తువయ్యెను.

గృహస్థునకు మాత్రము అడ్డంకి నీరు కాదు, రాజశాసనము. 1880లో గ్లాడ్‌స్టన్ మాల్టు పన్నును ఎత్తివేయుచు ఇంట బీరు కాచుకొనువారికి లైసెన్సు విధించెను. అది 1963 బడ్జెటులో రెజినాల్డ్ మాడ్లింగ్ రద్దు చేయువరకు నిలిచెను. ఆ వెనుక తొలినాళ్లలో కాచినవారికి డబ్బా మాల్టు పాకమే గతి. రుచి అంతంత మాత్రము. 1970ల ప్రాంతమున డర్డెన్ పార్క్ బీర్ సర్కిల్ అను ఔత్సాహికుల బృందము పాత కర్మాగారముల లెక్కపుస్తకములు తిరగవేసి, నూరేండ్ల నాటి బీర్లను కొలతలతో సహా ఇంటి పాత్రలలోనికి దింపుటతో ఆ స్థితి మారెను. మన తెలుగు రాష్ట్రములలో అనుమతి లేక ఇంట మద్యము కాచుట అబ్కారీ చట్టరీత్యా నేరము గనుక, ఇకముందు చెప్పు వివరములు బ్రిటనులోను అమెరికాలోను స్థిరపడిన మనవారికి ఆచరణకును, తక్కినవారికి ఎరుకకును.

కుళాయినీటిలోని క్లోరిను మాల్టుతో కలిసినచో మందులషాపు వాసన పుట్టించును. అందుచేత మెటాబైసల్ఫైటు బిళ్ల పొడి చిటికెడు వేసి దానిని ముందుగా విరిచివేయుదురు. పిమ్మట జిప్సం. మృదువైన నీటికి లీటరునకు ఒక గ్రాము చొప్పున వేసినచో సల్ఫేటు దాదాపు 560 మిల్లీగ్రాములు చేరి బర్టన్ పొలిమేర ముట్టును. ఈ పొడికి ఒక విపరీత లక్షణము కలదు: ఉప్పు చక్కెరలవలె మరిగే నీటిలో తేలికగా కరగక, చల్లని నీటిలోనే మేలుగా కరగును. ఎరుగనివాడు వేడినీటిలో గుమ్మరించి, అడుగున తెల్లని మడ్డి చూచి విస్తుపోవును. ఎరిగినవాడు ముందునాటి రాత్రియే చన్నీటిలో వేసి పలుమారు కలిపి ఉంచును. పూర్తి మోతాదు వేయవలెనా, సగముతో సరిపెట్టుకొనవలెనా యను విషయమున కాచువారిలో ఏకాభిప్రాయము లేదు. నేను సగము పక్షము. పూర్తి మోతాదులో హాప్ సువాసన కన్న ఖనిజపు రుచి ముందు నిలుచును.

ఇరువది లీటర్ల బీరునకు అయిదున్నర కిలోల లేత మాల్టు కావలెను. మారిస్ ఆటర్ రకపు యవలది శ్రేష్ఠము. మొలకెత్తించిన యవలను పొగ సోకకుండ ఎండబెట్టుట పదునేడవ శతాబ్దమున డెర్బీ ప్రాంతమువారు కోకు బొగ్గు వాడుట మొదలిడినప్పటినుండి సుకరమైనది, లేతవన్నెకు మూలమదియే. నలిపిన మాల్టును మూత గట్టిగా పడు కూల్‌బాక్సులో పోసి, 73 డిగ్రీల నీటితో జావగా కలిపిన యెడల గుజ్జు 66 డిగ్రీల వద్ద నిలుచును. రెండు డిగ్రీలు హెచ్చినచో పులియని చక్కెరలు మిగిలి బీరు బరువెక్కును; బర్టన్ బీరునకు అది తగదు. గంట గడచిన పిదప గరిటెడు రసము తెల్లని పింగాణీ పళ్లెములో వేసి, గాయములకు పూయు టింక్చరు అయొడిను బొట్టు ఒకటి విడుతురు. నీలినలుపు కమ్మినచో పిండి ఇంకను మిగిలియున్నది. అయొడిను తన గోధుమవన్నెలోనే పరచుకొనెనా, గుజ్జంతయు చక్కెరగా మారినది. పళ్లెములోని ఆ రసమును తిరిగి పాత్రలో పోయరాదు.

వడగట్టిన తీపిరసమును గంటన్నర సేపు తెర్లించుచు హాప్ పువ్వులు వేయుదురు. బర్టన్ మార్గమున ఇచ్చట లోభము పనికిరాదు: కెంటు మండలపు గోల్డింగ్స్ రకము 200 గ్రాములకు తగ్గకుండ, సగము మొదట చేదునకు, సగము చివరి అరగంటలో వాసనకు. చేదు వట్టి రుచి కొరకు కాదు. మన తాటికల్లు తెల్లవారి తియ్యగా దిగి మాపటికి పుల్లబడుటకు లాక్టిక్ సూక్ష్మజీవులు ముఖ్యకారణము. హాప్ ఆమ్లములు ఆ జాతిని అణచివేయుటచేతనే ఈ బీరు ఏడాది నిలువ యుండగలదు. అటుపిమ్మట రాగి చుట్టలో చన్నీరు పారించి రసమును త్వరగా 18 డిగ్రీలకు చల్లార్చి, గాలి తగులునట్లు గిలకరించి ఈస్టు వేయుదురు.

బర్టన్ ఈస్టు పైకి పొంగు జాతి. మరునాటికి బీరు మీద తెల్లని నురుగు గుట్టలు గుట్టలుగా లేచి, గోధుమరంగు మచ్చలతో గట్టిపడును. ఈ పొంగును వేరు చేయుటకై బర్టన్‌వారు ఓకు పీపాలను వరుసగా అమర్చి, ఒక్కొక్క పీపానుండి హంసకంఠమువంటి గొట్టము పైకెత్తి, పైనున్న తొట్టిలోనికి వంచిరి. నురుగు తొట్టిలో పడి ఈస్టు అచ్చట నిలువగా, తేరిన బీరు మరల పీపాలోనికి జారును. 1838లో పీటర్ వాకర్ హక్కు పొందిన ఈ ఏర్పాటునకు బర్టన్ యూనియన్ అని పేరు. దానిని ఆ ఊరిలో చివరివరకు నడపిన మార్‌స్టన్స్ కర్మాగారము 2024లో విరమించుకొనగా, ఒక వరుస పీపాలు డెర్బీషైరులోని థార్న్‌బ్రిడ్జ్‌వారికి చేరినవి. ఇంటిలో నురుగును గరిటెతో తీసివేయుటతోనే ఆ పని నెరవేరును; గాజు కూజాలకు రబ్బరు గొట్టములు తగిలించి చిన్న యూనియను కట్టుకొను సరదాగాండ్రును లేకపోలేదు.

వారమున పులియుట సద్దుమణుగును. ఇక మిగిలినది నిరీక్షణ. కర్మాగారమునకు నేడు చేతకానిదియు, గృహస్థునకు సులభసాధ్యమైనదియు ఇదియే. పీపాను ఏడాది నిలిపినచో గిడ్డంగి అద్దెయు బంధించిన పెట్టుబడియు కంపెనీని తినివేయును. ఇంటి మెట్ల క్రింద ఒక కూజా నిలిచినందువలన ఎవనికిని నష్టము లేదు. ఎండిన హాప్ పువ్వులు గుప్పెడు వేసి మూత బిగించిన కూజాలో, తొలినెలలలో మొరటుగా నున్న చేదు క్రమముగా మెత్తబడును. మాగిన ఆంగ్ల బీర్లనుండి క్లాసెన్ అను డేనిష్ శాస్త్రజ్ఞుడు వేరుచేసి 1904లో లోకమునకు తెలిపిన బ్రెటనోమైసీస్ అను మరియొక ఈస్టును కొందరు ఈ దశలో కలుపుదురు. అది తక్కిన చక్కెరలనుకూడ భక్షించి, పాత తోలు వాసనను తలపించు పరిమళమును చేర్చును.

సీసాలలో నింపునపుడు లీటరునకు నాలుగు గ్రాముల చక్కెర చాలును; ఈ బీరు బుసబుస పొంగరాదు. మూత తీసిన తొలిక్షణమున అగ్గిపుల్ల గీచినట్టి గంధకపు వాసన ముక్కునకు తగిలి తొలగిపోవును. ఎరుగనివారు చెడినదని పారబోయుదురు గాని, బర్టన్ నీటి గురుతు అదియేనని అనుభవజ్ఞులు దానికై ఎదురుచూతురు. మంచుగడ్డల జోలికి పోరాదు, 12 డిగ్రీల చల్లదనము చాలును. సీసాను కదల్చక నిలబెట్టి, గ్లాసును వాల్చి ఒకే ధారగా పోయుచు, అడుగున ఈస్టు మడ్డి మెడకు జారుట కనబడగానే చేయి ఆపవలెను.