అతిమానుషనాయకుని దౌర్బల్యము: ఒక కల్పనావిచారము

మన ఆలంకారికులు నాయకుని గుణములను లెక్కించినంత శ్రద్ధతో అతని దౌర్బల్యములను లెక్కింపలేదు. ధనంజయుని దశరూపకము ధీరోదాత్తాది నాయకభేదములను నాల్గింటిని నిరూపించినది. విద్యానాథుని ప్రతాపరుద్రీయమున ఓరుగల్లు ప్రభువే ఉదాహరణములకు నాయకుడగుటచే లోపప్రసక్తికి తావే లేకపోయినది. కాని ఎవ్వరికిని లొంగనివానికి స్తోత్రమే కాని కథ యుండదు. లాక్షణికులు విడిచిన ఈ విషయము నేడొక క్రొత్త రంగమున నియమబద్ధముగా చర్చింపబడుచున్నది. అది బల్లచుట్టు కూర్చుండి యాడు పాత్రధారణక్రీడ.

ఈ ప్రక్రియ 1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ప్రచారమునకు వచ్చినది. ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క పాత్రను వహించి, దాని పలుకులను, నిర్ణయములను తానే నడుపును. ఒకడు సూత్రధారుడై లోకమును, ప్రతినాయకులను నడుపును. సందేహస్థలమున పాచికలు తీర్పు చెప్పును. పాత్రను నిర్మించుకొనువాడు ఆటగాడే గనుక దాని దౌర్బల్యమును గూడ అతడే ఎన్నుకొనవలసియున్నది. కవికి లేని చిక్కు ఇచ్చట పుట్టుచున్నది. తన నాయకునికి తానే నిజమైన హానిని కోరువాడెవడు?

1981లో వెలువడిన ‘ఛాంపియన్స్’ అను సూపర్‌హీరోల క్రీడ దీనికి బేరముతో సమాధానము చెప్పినది. దౌర్బల్యమును స్వీకరించినవానికి అదనపు అంకములు లభించును. వానితో శక్తులను కొనవచ్చును. వెంటాడు శత్రువు, రక్షింపవలసిన ఆప్తుడు మొదలగునవి కథలో ఎంత తరచుగా తటస్థించునో మూడు పాచికలు నిర్ణయించును. మొత్తము 8కి మించకుండుటకు అవకాశము నూటికి సుమారు 26. 11కి మించకుండుటకు 62.5, 14కి మించకుండుటకు సుమారు 91. గణితము నిర్దోషమే. కాని పాచికల కందని లోపములు కూడ కలవు. ఎన్నడును ఎదురుకాని లోపమును ఏరుకొని, దాని వెలను మాత్రము ముందుగా పుచ్చుకొను ఆటగాని నెవ్వరాపగలరు? ఎడారికథలో సముద్రభయము వంటిది అట్టి లోపము. 2002లో వెలువడిన ‘మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్’ తన తరువాతి ముద్రణలలో చిక్కు కథలో నిజముగా సంభవించినప్పుడే ఆటగానికి ప్రతిఫలమిచ్చు పద్ధతిని నెలకొల్పినది. దౌర్బల్యమనునది పట్టికలోని వస్తువు గాక కథలోని ఘటన యని గుర్తించుటచే ఇది మేలైన మార్గము. అయినను ఎట్టి దౌర్బల్యము ఉత్తమమో ఈ పద్ధతియు చెప్పజాలదు. అందులకు మన కథాసంప్రదాయమును పరిశీలింపవలయును.

బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణము ఏడు సముద్రముల కావలి చిలుకలో నున్నది. జానపదవిజ్ఞానులు ఇట్టి కథాంశమునకు బాహ్యప్రాణమని పేరిడిరి. స్టిత్ థాంప్సన్ సూచిలో దీని సంఖ్య ఇ 710. సూపర్‌మాన్‌ను కూల్చు క్రిప్టొనైట్ శిల దీనికి దూరపు చుట్టము. 1943లో రేడియో నాటకమునను, 1949లో బొమ్మల కథలలోను అది ప్రవేశించినది. ఈ రెంటికిని పోలిక యున్నను ఫలితము వేరు. చిలుక ప్రతినాయకునిది. దానిని చేరు ప్రయాణమే కథ. అది చిక్కుటతో కథ ముగియుట శ్రోతకు ఇష్టమే. శిల నాయకునిది. అది వచ్చినప్పుడు అతడు పడిపోవును, తొలగినప్పుడు లేచును. పడుటలోగాని లేచుటలోగాని అతని మనస్సునకు పనిలేదు. ప్రతినాయకునికి తగిన ఉపాయమును నాయకునికి తగిలించుటయే ఇందలి దోషము.

కర్ణుని కథ ఇంతకంటె గంభీరమైనది. అసత్యమాడి పరశురామునివలన అస్త్రము గడించెను. ఆ అసత్యమువలననే అది అదనున మరపునకు వచ్చునట్లు శాపము పొందెను. బలము, బలహీనత ఒకే మూలమున పుట్టినవి. కవచకుండలముల విషయమున సూర్యుడు ముందుగా హెచ్చరించినను, యాచకుని రిక్తహస్తములతో పంపజాలక ఇచ్చివేసెను. ఇచ్చట అతనిని ఓడించినది అతని నిర్ణయమే. బదులుగా లభించిన శక్తి ఒక్కమారే ప్రయోగింపదగినది. అర్జునునికై దాచిన దానిని రాత్రియుద్ధమున ఘటోత్కచునిపై వ్యయము చేయక తప్పలేదు. కావున దౌర్బల్యమునకు మూడు పరీక్షలు చెప్పవచ్చును. అది బలమూలముననే పుట్టవలయును. ఎదిరికి అందుబాటులో నుండవలయును. నాయకునిచే ఒక ఎన్నిక చేయింపవలయును. కర్ణుడు యుద్ధాంతమున కూలును. క్రీడలోని నాయకుడు మరునాటి ఆటకు మిగులవలయును గదా యని ఆక్షేపింపవచ్చును. అందుచే శాపముకంటె, వ్యయమగు శక్తియే క్రీడకు తగిన మాదిరి.

ఈ పరీక్షలను మన సమీపప్రదేశమున ప్రయోగించి చూతము. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమునుండి ఒక సూపర్‌హీరోను కల్పింపవలసివచ్చిన, నక్కవాగు కలుషితజలము సోకినంతనే బలము కోల్పోవునని చెప్పుట తొలుత తోచును. అది శిలకు మారుపేరు మాత్రమే. ఈ ప్రాంతపు నిజమైన వైరుధ్యము లోతైనది. ఇచటి కర్మాగారములు ఔషధములను తయారుచేయును. 2007లో ప్రకటితమైన ఒక పరిశోధన, పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని తెలిపినది. మందు నీటిలో నిలిచినచోట దానికి లొంగని క్రిములు ప్రబలును. రోగమును మాన్పు శక్తియే తన్ను తాను మొక్కవోజేసికొనుచున్నది.

దీనినుండి నాయకుని మలచుదము. అతడొక మందుల కర్మాగారపు షిఫ్టు కార్మికుడు. స్పర్శచే గాయములు మాన్పగలడు. కాని ఒక ఊరిలో మాన్పినకొలదియు ఆ ఊరివారిపై అతని స్పర్శకు ప్రభావము తగ్గుచుండును. పరాయిచోట అది యథాతథముగా పనిచేయును. శత్రువు చేయవలసినదెల్ల బొల్లారమున చిన్న గాయములను పెంచుటయే. నేడు ఏడ్చుచున్న బిడ్డ చేతిని మాన్పవలెనా, రేపటి విపత్తునకు శక్తిని నిలుపుకొనవలెనా? ఘటోత్కచుని రాత్రి కర్ణుడెదుర్కొన్న ప్రశ్న ఇచట ప్రతి పూటయు ఎదురగును. దానికి ఉత్తరము చెప్పుటకు పాచికలు చాలవు. ఆటగాడు తన పాత్ర యెట్టిదో నిర్ణయించుకొనవలయును.

నాయకుని ఎచ్చట కొట్టిన పడునని వెదకుట సులభము. అతడు దేనిని కాపాడుటకై తన బలమును కోల్పోవుటకు సమ్మతించునో తెలిసినప్పుడే దౌర్బల్యము పాత్రపోషణకు అంగమగును. మన జానపదకథలలోని మర్మములను, శాపములను, వ్రతభంగములను ఈ దృష్టితో వర్గీకరింపగల పరిశోధకుడు ఆలంకారికులు విడిచిన ప్రకరణమును పూరించినవాడగును.