పండుగ సాయన్నతో పోలికా?

ఇటీవల సికింద్రాబాద్‌లో జరిగిన ఒక కవిగోష్ఠిలో యువకవి ఒకరు ఐబొమ్మ మీద వచనకవిత చదివారు. ఆ వెబ్‌సైటు నిర్వాహకుడంటూ 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. నాటినుంచి అతన్ని పేదల పక్షపాతిగా కీర్తించేవారు బయలుదేరారు. మన కవి మరో అడుగు ముందుకు వేసి అతన్ని పాలమూరు పండుగ సాయన్నతో పోల్చారు. సభలో చప్పట్లు మోగాయి. కొట్టినవారిలో నేనూ ఉన్నాను గనుకనే ఈ నాలుగు మాటలు రాయవలసి వస్తోంది.

కవి కోపం నిజాయితీ గలది. 2024 డిసెంబరులో 'పుష్ప 2' విడుదలకు ముందురాత్రి ఆటకు టికెట్టు మీద అదనంగా 800 రూపాయలు వసూలు చేసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. మోండా మార్కెట్‌లో మూటలు మోసేవారి పిల్లలు నా తరగతిలో ఉన్నారు. నలుగురున్న ఆ ఇంటికి అలాంటి ఆట ఎన్ని రోజుల కూలి? నేలటికెట్టు పోయింది, మా ఊళ్ళో సంగీత్ థియేటరు లాంటి హాళ్ళూ పోయాయి. కొత్త సినిమా గురించి ఆ పిల్లలు తరగతిలో మాట్లాడుకుంటుంటే ఎక్కడ చూశారని నేనెన్నడూ అడగలేదు. అడిగే అర్హత కూడా నాకు లేదు. మా ఇంట్లోనూ ఫోనులో చూశాం.

కాని కవిత్వంలో ఉపమానం ఒట్టి అలంకారం కాదు, అదొక తీర్పు. జానపదుల పాటల్లో సాయన్న భూస్వాముల ధాన్యం దోచి ఆకలిగొన్నవారికి పంచినవాడు. తిన్నవారే ఆ పాట కట్టుకున్నారు. మరి ఐబొమ్మ పంచినది దేనికి బదులుగా పంచింది? పోలీసుల లెక్క ప్రకారం దొరికినవి 21,000 సినిమాలు, 50 లక్షల మంది వినియోగదారుల వివరాలు. సంపాదన 20 కోట్లు, అందులో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం సొమ్ము ఉంది. ఇవి న్యాయస్థానంలో రుజువు కావలసిన మాటలే, కాదనను. అయినా ఆ సైటు తెరిచినవారికి బెట్టింగ్ ప్రకటనల సంగతి ఒకరు చెప్పాలా? మూటలు మోసేవాడి కొడుకును సినిమాకు పిలిచి జూదశాల గుమ్మం దగ్గర నిలబెట్టడం దానమెలా అవుతుంది? సాయన్న పంచిన గింజల్లో గాలం లేదు.

అలాగని నిర్మాతల మండలి వైపు జరిగి నిలబడమనడం లేదు. ఈ కవితలోని పెద్ద లోపం నిజానికి వేరే ఉంది. ఇందులో నిర్మాత ఉన్నాడు, హీరో ఉన్నాడు, ప్రేక్షకుడున్నాడు, దొంగ ఉన్నాడు. రాసినవాడు లేడు! రాసేవాడు రాసిన కవితలోనే లేడు.

చట్టంలోనూ అంతే. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు 'కర్త' నిర్మాత. డబ్బు పెట్టినవాడే కర్త అనే ఈ నిర్వచనం వ్యాకరణం చదువుకున్న నాకు మింగుడుపడదు. నిర్మాత ప్రతిఫలమిచ్చి రాయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, పాట మీది హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. గాయకులకు రక్షణ లేకపోవడాన్ని జస్టిస్ కృష్ణయ్యర్ అదే తీర్పులో విడిగా ఎత్తిచూపారు. పాట రాసినవారూ సంగీతం కూర్చినవారూ రాయల్టీలో సమాన వాటా వదులుకోవడానికి వీల్లేకుండా సవరణ రావడానికి 2012 దాకా పట్టింది. అందులోనూ హాల్లో ఆడే ప్రదర్శనకు మినహాయింపు! దొంగతనంగా చిత్రీకరించేవారికి శిక్ష విషయంలో ఇంత ఆలస్యం, ఇంత మొహమాటం కనిపించవు. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ మూడు నెలలనుంచి మూడేళ్ళ వరకు జైలు, మూడు లక్షలనుంచి నిర్మాణవ్యయంలో 5 శాతం వరకు జరిమానా విధించవచ్చంది.

చట్టం ఎవరు అడిగితే కదులుతుందో చైనాలోనూ చూశాం. తొలినాళ్ళలో అనుమతి లేని వీడియోలతోనే అక్కడి వీడియో సైట్లు జనాన్ని పోగుచేసుకున్నాయి. కోట్లు పోసి హక్కులు కొన్న తర్వాత వాటికి చౌర్యం నేరమై తోచింది. 2013లో యోకు, సోహు, టెన్సెంట్ తదితర సంస్థలు కలిసి బైదూ మీద పోరాటం ప్రకటించాయి. 2014లో క్యూవాడ్ సంస్థకు షెన్‌జెన్ అధికారులు 26 కోట్ల యువాన్ల జరిమానా వేశారు. ఫిర్యాదు టెన్సెంట్‌ది. పెట్టుబడికి నష్టం వచ్చినప్పుడే హక్కు గుర్తుకొస్తుంది.

గోష్ఠి ముగిశాక కవిగారితో నాకు తెలిసిన ఒక మిత్రుడి సంగతి చెప్పాను. పదేళ్ళుగా కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకుని పేరున్న రచయితల కోసం సన్నివేశాలు రాస్తున్నాడు. అతను రాసిన మాటలున్న సినిమా ఒకటి విడుదలైన మర్నాడే ఫోనుల్లోకి వచ్చింది. అతనికి ముట్టవలసిన చివరి వాయిదా, పైరసీ వల్ల నష్టం వచ్చిందన్న పేరుతో, ఆగిపోయింది.

"ఏ సినిమా సార్? చూసే ఉంటాను. ఆయన పేరు తెర మీద పడిందా?" అని అడిగారు కవిగారు.

పడలేదన్నాను.