వ్రాత, పలుకు – సూరతు సాక్ష్యం

ఆంగ్లంలో వ్రాతకూ పలుకుకూ పొత్తు లేదని పరిహసించడం మనకు పరిపాటి. అప్పు అనే అర్థం గల ‘డెట్’ అనే మాటలో ‘బి’ అక్షరం వ్రాతలో ఉన్నది, పలుకులో లేదు. ఫ్రెంచి నుండి ఆ మాట వచ్చిననాడు ఆ అక్షరం లేనేలేదు. లాటిన్ మూలాన్ని స్మరింపజేయుటకై పండితులు దానిని తరువాత చేర్చినారు. పలుకు ఏమైనను మూలం కంటికి కనబడవలెననుట అక్కడి మర్యాద.

ఆ మర్యాద మన మాటలకు దక్కలేదు. 1612లో ఆంగ్లేయ నౌకలు పోర్చుగీసు నౌకలతో పోరాడిన సూరతు చెంతనున్న సువాలీ తీరం వారి గ్రంథాలలో ‘స్వాలీ’ అయినది. భరూచ్ పట్టణం ‘బ్రోచ్’ అయినది. గుజరాతీలో వర్తకుని పేరైన ‘వాణియో’ పోర్చుగీసుల నోట నలిగి ‘బన్యన్’గా ఆంగ్లానికి చేరి, తుదకు మర్రిచెట్టుకు పేరయినది. మన మచిలీపట్నం ‘మసూలిపటం’ కాలేదా? లాటిన్‌కు కన్ను, మనకు చెవి: ఇదీ ఆంగ్లం పాటించిన భేదం.

అయినను చెవిని నమ్ముట దోషం కాదు; నియమం లేకుండా నమ్ముటే దోషం. దీనిని గుజరాతీలు గ్రహించినారు. 1833లో సూరతులో జన్మించిన కవి నర్మదాశంకరుడు ‘నర్మకోశం’ కూర్చి 1873లో ప్రకటించినాడు. 1929లో గుజరాత్ విద్యాపీఠం ‘జోడణీకోశం’ వెలువరించి వర్ణక్రమానికి కట్టుబాటు ఏర్పరచినది. ‘డాక్టర్’ అనే మాటలోని తొలి అచ్చు కోసం గుజరాతీ లిపి ప్రత్యేకమైన గుర్తును సైతం చేర్చుకున్నది.

తెలుగు దారి వేరు. అది కొత్త గుర్తును కోరక, ఉన్న అచ్చుతోనే సరిపెట్టి, తుదిని ఉకారం చేర్చి ‘డాక్టరు’ అన్నది. 1854లో బ్రౌను అన్యదేశ్యాలకు ప్రత్యేక నిఘంటువే కూర్చవలసివచ్చినదంటే, అట్టి మాటలు అప్పటికే తెలుగులో ఎంతగా కలిసిపోయినవో ఊహించవచ్చు.

నేటి రచయితలు కొందరు ఈ ఉకారాన్ని నాటుతనమని తలచి ‘బస్’, ‘బ్యాంక్’ అని వ్రాస్తున్నారు. ఆంగ్లపు పలుకుకు ఇది దగ్గరే. కాని విభక్తి చేరగానే గుట్టు బయటపడుతుంది. ‘బస్సులో’, ‘బ్యాంకుకు’ అనే జనం అంటారు. ఉకారం అలంకారం కాదు. తెలుగు వ్యాకరణం ఆ మాటను పట్టుకొనే పిడి.

ఇది పండితుల వినోదం కాదు. సూరతు మరమగ్గాల వాడలలో తెలంగాణ నుండి వలసవెళ్లిన పద్మశాలి కుటుంబాలు వేలకొలది ఉన్నవి. అక్కడి పిల్లవానికి వీధిలో గుజరాతీ పలక, ఆంగ్ల పలక కనబడుతవి. తెలుగు వ్రాత కనబడేది పుస్తకంలోనే. అందులో ‘బ్యాంకు’, ‘బ్యాంక్’, ‘బాంకు’ అని మూడు రూపాలుంటే అతడు దేనిని తనదనుకోవలె? ఎరువు తెచ్చిన మాటను తెలుగు నోరు పలికినట్లు వ్రాయవలె. అంతటా ఒకే తీరుగా వ్రాయవలె. మొదటి పని జనం ఎన్నడో చేసినారు. రెండవది రచయితల బాకీ.