తాగుడు తిరగబెట్టినప్పుడు: మన నాటకములలో లేని అంకము

జ్వరము తగ్గి మరల వచ్చినప్పుడు మనము "జ్వరము తిరగబెట్టినది" అంటాము. ఆ వాక్యములో కర్త జ్వరము, రోగి కాదు. మందు చాలలేదనో, పథ్యము చెడినదనో అనుకొని రోగిని మరల వైద్యుని వద్దకు తీసుకొని పోతాము. తాగుడు మానిన మనిషి ఆరు నెలలకు మరల తాగితే మాత్రము మన వాక్యము మారిపోతుంది. "మాట తప్పినాడు", "వీడిక బాగుపడడు" అంటాము. ఇక్కడ కర్త మనిషి; వైద్యుని ప్రసక్తి లేదు. ఈ భేదము మన మాటలలోనే గాక మన నాటకములలోను, చలనచిత్రములలోను, పాఠశాలలలో పిల్లలు వ్రాసే మద్యపాన వ్యతిరేక వ్యాసములలోను పాతుకొని ఉన్నది. అది శాస్త్రమునకు ఎంతవరకు నిలుచునో పరిశీలించవలసి ఉన్నది.

తిరగబెట్టడము అనగా నేమో తెలుసుకొనుటకు సికింద్రాబాదు వారు దూరము పోనక్కరలేదు. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ ఇక్కడి బేగంపేటలోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మలేరియా ఎట్లు వచ్చునో ఆ పరిశోధన తెలిపినది. కాని తగ్గిన మలేరియా మరల దోమ కుట్టకుండానే నెలల తరువాత ఎందుకు తిరగబెట్టును? దీనికి స్పష్టమైన సమాధానము 1980 తరువాత గాని దొరకలేదు. వైవాక్స్ జాతి క్రిములు కొన్ని కాలేయములో నిద్రావస్థలో దాగి ఉంటాయి. క్లోరోక్విన్ రక్తములోని క్రిములను చంపును గాని ఈ నిద్రించే క్రిములను తాకదు. వాటికై ప్రిమాక్విన్ అను రెండవ మందు 14 దినములు వాడవలెను. జ్వరము తగ్గినది గదా అని రెండవ మందు ఇవ్వకుండా విడిచిన రోగికి మరల చలిజ్వరము వచ్చినచో అది అతని శీలలోపము కాదు. సగము చికిత్సకు ఫలితము.

ఈ పోలికను అతిగా సాగదీయరాదు. వ్యసనమునకు క్రిమి లేదు. గ్లాసు ఎత్తుటలో మనిషి సంకల్పమునకు కొంత పాత్ర ఉన్నది. అయినను ఒక్క విషయములో పోలిక సరిపోవును. శరీరము నుండి మద్యమును వెడలగొట్టుట మొదటి మందు వంటిది. అది వారము పది దినముల పని. అలవాటు దాగియున్న చోటు వేరు. దాని చికిత్సకు నెలలు, సంవత్సరములు పట్టును. మనము మొదటి దానితోనే "నయమైనది" అని తృప్తి పడుతున్నాము.

ఇక మన కథలను చూడండి. కాళ్ళకూరి నారాయణరావు గారు 'వరవిక్రయము', 'చింతామణి' వలెనే 'మధుసేవ'ను కూడ సంఘసంస్కరణ కోరి వ్రాసినారు. ఆ తరము వారి ఉద్దేశము గొప్పది. తాగుడు ఇంటిని కూల్చునని ప్రజల కళ్ళకు కట్టించవలెనని వారి ఆరాటము. కాని నాటి నుండి నేటి పాఠశాల నాటికల వరకు కథ రెండే దారులలో నడుస్తున్నది. తాగుబోతు భార్య కన్నీరు చూచి ఒక్క ప్రమాణముతో మారిపోవును. లేదా మారక మరణించును. ప్రమాణము చేసి, తప్పి, మరల చికిత్స పొంది, మెల్లగా కోలుకొన్నవాడు మన రంగస్థలము మీద అరుదు. నిజజీవితములో కోలుకొన్న వారిలో చాలమంది ఈ మూడవ దారిని వచ్చినవారే.

దేవదాసు సంగతి వేరు. శరత్‌బాబు నవలను 1953లో వేదాంతం రాఘవయ్య గారు తెలుగు చిత్రముగా తీసినారు. అక్కినేని నటనతో ఆ పేరు మన భాషలో సామాన్య నామమే అయినది. 1955లో బిమల్ రాయ్ తీసిన హిందీ చిత్రములో ఒక ఘట్టమున్నది. జబ్బుపడి, వైద్యుని హెచ్చరిక విన్న దేవదాసు రైలులో పోతుండగా పాత స్నేహితుడు చున్నీలాల్ తటస్థపడును. సీసా బయటికి వచ్చును. దేవదాసు మరల తాగును. ప్రేక్షకుడు దానిని విధి అనుకొని కంటతడి పెట్టును. శాస్త్రజ్ఞునికి అక్కడ కనిపించేది విధి కాదు. పాత స్నేహితుడు, చేతికందిన సీసా, గమ్యము లేని ప్రయాణము: తాగుడు తిరగబెట్టుటకు ఇంతకన్న అనుకూలమైన పరిస్థితి ఉండదు. కళగా ఆ ఘట్టము గొప్పది. రోగచరిత్రగా కూడ అది నిజమే. మరణమొక్కటే దాని ముగింపని మనము నమ్ముటలోనే పొరపాటు ఉన్నది.

ఆ అనుకూలతకు కారణము ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసినదే. పావ్లోవ్ కుక్కకు గంట మ్రోగించి ఆహారము పెట్టగా, కొన్నాళ్ళకు గంట వినగానే దానికి లాలాజలము ఊరసాగినది. గంట మ్రోగించి ఆహారము పెట్టక మానివేసినచో క్రమముగా ఆ స్పందన ఆగును. కాని కొంత విరామమిచ్చి గంట మ్రోగించిన యెడల మరల లాలాజలము ఊరును. నేర్చినది చెరిగిపోలేదు, అణగి ఉన్నది. తాగుడు మానిన మనిషి చెవులకు ఇట్టి గంటలు ఎన్నో: జీతము అందిన సాయంత్రము, కల్లు కంపౌండు ఉన్న సందు మలుపు, పాత స్నేహితుని పిలుపు. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికులను లీ రాబిన్స్ అను పరిశోధకురాలు 1970 తరువాత పరిశీలించగా, స్వదేశము చేరిన పిదప వారిలో అత్యధికులు ఆ వ్యసనములో మరల పడలేదని తేలినది. వారికి ఆ వీధి, ఆ తోడు దూరమైనవి. మన రోగి ఆసుపత్రి నుండి నేరుగా తన సందు మలుపుకే తిరిగి వస్తాడు.

ప్రమాణమును గూర్చి కూడ ఒక మాట. అలన్ మార్లట్, జుడిత్ గోర్డన్ 1985లో ప్రచురించిన గ్రంథములో ఒకసారి జారుటకును, పూర్తిగా పడుటకును భేదము చూపినారు. "ఒక్క చుక్కతో అంతా పోయినది, ఇక ఎంత తాగితే నేమి" అను నిరాశయే జారినవానిని పడవేయునని వారి సిద్ధాంతము. దేవుని పటము ముందు చేయించిన ప్రమాణము కొందరికి ఊతము కావచ్చును. కాని అదొక్కటే చికిత్స అయినచో, తప్పిన మరునాడు అదే ఈ నిరాశకు విత్తనమగును. 2000లో మెక్లెల్లాన్, ఆయన సహచరులు ఒక పోలిక చూపినారు. వ్యసన చికిత్స పొందిన వారిలో ఏడాదిలో 40 నుండి 60 శాతము మంది మరల మొదలుపెట్టుచున్నారు. రక్తపోటు, ఉబ్బసము రోగులలో జబ్బు తిరగబెట్టుట ఇంతకన్న తక్కువేమీ కాదు. అయినను రక్తపోటు పెరిగినవానికి మందు మార్చుతాము గాని, అతనిని ఇంటి నుండి వెళ్ళగొట్టము.

మన ప్రాంతమున "ఇవాళే మానివేయుము" అను ఉపదేశములో ప్రాణాపాయము కూడ ఉన్నది. ఇక్కడ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలుపుట పలుమార్లు బయటపడినది. ఇవన్నియు, మద్యము వలెనే, మెదడును శాంతపరచే గాబా అను రసాయనము పనిని పెంచును. రోజూ వీటికి అలవాటుపడిన మెదడు తన వంతుగా ఉద్రేకమును పెంచుకొని సమతూకము నిలుపుకొనును. మత్తు హఠాత్తుగా ఆగినచో ఆ ఉద్రేకమొక్కటే మిగులును: వణుకు, నిద్రలేమి, మూర్ఛలు, పిచ్చి పలవరింతలు. మద్యము మానినవారికి మూర్ఛలు సాధారణముగా మొదటి రెండు దినములలోను, సన్నిపాతము వంటి స్థితి రెండు నుండి నాలుగు దినములలోను రావచ్చును. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎందరో ఇట్లే ఆసుపత్రుల పాలైనారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన దుకాణములు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రోగులు వెల్లువగా వచ్చినారు. హైదరాబాదు నగరములో కల్లు దుకాణములను 2004లో మూసినారు, 2014లో తెరిచినారు, 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించినారు. దుకాణము మూయుటయో తెరచుటయో అన్న చర్చయే సాగినది. దుకాణము మూసిన మరునాడు వణికే మనిషికి ఎవరు ఏ మందు ఇవ్వవలెనన్న ప్రశ్న వెనుకబడినది.

మందులు లేవా? ఉన్నవి. తొలి దినములలో వైద్యుని పర్యవేక్షణలో మత్తు క్రమముగా తగ్గించే మాత్రలు, బి1 విటమిను. తరువాత నెలల తరబడి తాగవలెనన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్. 1948లో కోపెన్‌హేగన్‌లో వెలుగులోనికి వచ్చిన డైసల్ఫిరామ్ మరొకటి. దానిని వాడుతూ మద్యము తాగినచో వాంతులు, గుండెదడ కలుగును, ప్రాణమునకే ముప్పు రావచ్చును. కనుక దానిని రోగి తెలిసి, అంగీకరించి వాడవలెను. "తెలియకుండా కూరలో కలపండి" అను ప్రకటనల పొట్లములను నమ్మరాదు. మందుతో పాటు గంటల నుండి తప్పించుకొనుట నేర్పే సలహా చికిత్స, కోలుకొన్నవారి సమావేశములు కావలెను. ఒకటి పనిచేయకపోతే వేరొకటి, లేదా రెండును కలిపి. తిరగబెట్టినప్పుడు అడుగవలసిన ప్రశ్న "ఎందుకు తప్పినావు" అని కాదు; "చికిత్సలో ఏది కొరవడినది" అని.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము మన దేశములో మద్యమునకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందినది. మిగిలిన 37 మంది ఇండ్లలో కొన్ని మన తరగతి పిల్లలవి. తండ్రి మరల తాగినాడని తల వంచుకొని కూర్చున్న పిల్లవానికి మన నాటిక ఏమి చెప్పుచున్నది? తండ్రి పాపియని, కథ ముగిసినదని. రాబోయే వార్షికోత్సవమునకు నాటిక వ్రాసే ఉపాధ్యాయులు ఆ కథకు ఒక అంకము చేర్చవచ్చును. అందులో భార్య తిట్టదు, ఏడ్వదు. 14446 అను ప్రభుత్వ ఉచిత సహాయ నంబరుకు ఫోను చేయును. తండ్రి గాంధీ ఆసుపత్రిలోనో, ఎర్రగడ్డలోనో మానసిక వైద్యుని ఎదుట కూర్చొని, ఇది మూడవసారి అని సిగ్గుతో చెప్పును. వైద్యుడు అతని పాత చీటీ తీసి, పోయినసారి ఏ మందు ఎన్నాళ్ళు వాడినారని అడుగును. ఆ ప్రశ్న దగ్గర తెర దించవచ్చును.