తెల్లగా వదిలేయడం

నీటిరంగులు నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే ఈమధ్య తరచుగా వినపడే సలహా: వాటర్‌కలర్ పెన్సిళ్లు కొనుక్కోండి, తేలిక. మామూలు రంగు పెన్సిల్‌లాగే బొమ్మలో రంగు నింపి, పైన తడి బ్రష్ నడిపిస్తే గీతలు కరిగి పెయింటింగ్ అయిపోతుంది. ఈ సలహాలో అబద్ధమేం లేదు. నా పేచీ అంతా ఆ ‘తేలిక’ అన్న మాటతోనే. ఏది తేలికవుతోంది, దానికి బదులుగా దేన్ని వదులుకుంటున్నాం? ఈ లెక్క తేల్చడానికి నాకు రెండు పాత పుస్తకాలు పనికొచ్చాయి. రెండూ బొమ్మలు వెయ్యడం వృత్తి కాని వాళ్లని ఉద్దేశించి రాసినవి.

మొదటిది విన్‌స్టన్ చర్చిల్ ‘పెయింటింగ్ యాజ్ ఎ పాస్‌టైమ్’. బెంగాల్ కరువు గుర్తున్నవాళ్లకి ఆ పేరు చూస్తేనే పుస్తకం మూసెయ్యాలనిపిస్తుంది, అందులో తప్పులేదు. అయినా హాబీ గురించి ఇంత హుషారుగా రాసిన పుస్తకాలు అరుదు. 1920ల మొదట్లో పత్రికలో వచ్చిన రాతలు 1948లో పుస్తకమయ్యాయి. 1915లో గల్లిపోలీ దాడి బెడిసికొట్టి, నౌకాదళ మంత్రి పదవి పోయి, ఏం చెయ్యాలో తోచని రోజుల్లో ఆయన ఒక ఆదివారం పిల్లల రంగుల పెట్టె ముందేసుకున్నాడు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు. మర్నాడే ఆయిల్ రంగుల సామానంతా తెచ్చుకున్నాడు.

పిల్లల పెట్టె దగ్గరే ఎందుకు ఆగలేదు? నీటిరంగుల్ని తక్కువ చెయ్యకుండానే ఆయన తన కారణాలు చెప్తాడు. ఆయిల్‌లో తప్పు దిద్దుకోవడం సులువు. పొద్దుటి శ్రమంతా నచ్చకపోతే గీకేసి మళ్లీ మొదలెట్టొచ్చు. పైగా ఎక్కణ్ణుంచైనా మొదలుపెట్టొచ్చు. తెల్ల కాగితం నుంచి మెట్టుమెట్టుగా చీకటి వైపు దిగక్కర్లేదు.

రెండూ నిజాలే. నీటిరంగంటే గమ్ అరబిక్‌లో కలిపిన రంగుపొడి. అది పల్చటి పొరగా పరుచుకుంటుంది. వెలుతురు ఆ పొర దాటి కాగితాన్ని తాకి వెనక్కొస్తుంది. బొమ్మలో కాంతి అంటే కాగితం తెలుపే. ముదురు రంగు ఒకసారి పడ్డాక ఆ తెలుపు పూర్తిగా తిరిగి రాదు. చర్చిల్ దీన్ని ఇబ్బందిగా చూశాడు. ఆయన పరిస్థితికి అది సరైన తీర్పే అనిపిస్తుంది. గల్లిపోలీలో పోయిన ప్రాణాలు వెనక్కి రావు. అలాంటి నిర్ణయం బరువు మోస్తున్న మనిషికి, గీకేసి మళ్లీ వేసుకోగలిగే రంగు మందులా పనిచేసి ఉంటుంది.

మన సంగతి తలకిందులు. నేను రోజంతా రాసే కోడ్‌లో వెనక్కి తీసుకోలేనిది దాదాపు ఏమీ ఉండదు. పంపిన మెసేజీ చెరిపేస్తాం, తీసిన ఫొటో నలభైసార్లు దిద్దుతాం, కొన్న చొక్కా తిప్పి పంపిస్తాం. అలవాటైన పనికి భిన్నమైన పనే అసలైన విశ్రాంతి అన్నది చర్చిల్ పుస్తకానికి మూలమైన వాదన. ఆ వాదనే పట్టుకుని నడిస్తే మనం చేరాల్సింది ఆయన వదిలేసి వచ్చిన పిల్లల పెట్టె దగ్గరికి.

రెండోది జాన్ రస్కిన్ 1857లో ప్రచురించిన ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ డ్రాయింగ్’. గాంధీని కదిలించిన ‘అన్‌టు దిస్ లాస్ట్’ రాసిన రస్కినే. లండన్‌లో కార్మికుల కోసం పెట్టిన కాలేజీలో 1854 నుంచి బొమ్మలు వెయ్యడం నేర్పిన అనుభవం దీని వెనక ఉంది. పాఠాలన్నీ ఉత్తరాల రూపంలో ఉంటాయి. మొదటి అభ్యాసం చూస్తేనే చాలామంది పారిపోతారు: కలంతో ఒక చదరం గీసి, లోపలంతా ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా సన్నటి గీతలతో నింపాలి. ఇంకా కొన్ని అభ్యాసాలయ్యాక ఒక గుండ్రాయి వెయ్యాలి. బొమ్మ బాగా రావడం కంటే కన్ను తెరుచుకోవడం ఆయనకి ముఖ్యం. కనపడేదాన్ని వదిలేసి మనకి తెలిసిందే వేస్తామన్నది ఆయన ఫిర్యాదు. మన ఊళ్ల సంగతి చెప్పుకుంటే, గేదె నల్లగా ఉంటుందని తెలుసు కాబట్టి నలుపు పూసేస్తాం. మధ్యాహ్నం చెరువులోంచి లేచిన గేదె వీపు చూడండి. ఎండ తగిలిన చోట అది దాదాపు తెలుపు.

ఇక పెన్సిళ్లు. జెనీవాలోని కారన్ దాష్ కంపెనీ 1931లో ‘ప్రిస్మలో’ పేరుతో నీళ్లలో కరిగే రంగు పెన్సిళ్లు తెచ్చింది. రంగుపొడిని నీళ్లకి లొంగే జిగురుతో కట్టడమే కిటుకు. నిజంగా మంచి పనిముట్లు. రైల్లో, పార్కు బెంచీ మీద, ఎక్కడైనా వాడుకోవచ్చు. ఆకు ఈనెలకీ కిటికీ చువ్వలకీ వాటిని మించినవి లేవు. అంచుని ఓపిగ్గా చూడమనే రస్కిన్ పాఠానికి చక్కగా సరిపోతాయి.

చిక్కంతా గేదె వీపు దగ్గర. పెన్సిల్ పట్టుకోగానే చిన్నప్పటి అలవాటు లేస్తుంది: గీత గియ్యి, గీత దాటకుండా నింపు. గట్టిగా నొక్కిన గీత తడిపాక కూడా పూర్తిగా కరగదు, గట్టులా నిలబడుతుంది. నీళ్లు ఎక్కడిదాకా పోవాలో అదే చెప్పేస్తుంది. తెలుపు ఎక్కడైనా మిగిలితే, రంగు వెయ్యడం మర్చిపోయిన చోటులా కనిపిస్తుంది. బ్రష్‌తో అయితే మొదటి తడి పడకముందే తేల్చుకోవాలి, ఆ వీపు మీద మెరుపు ఎక్కడ, ఎంత అని. అందుకోసం ఐదు నిమిషాలు గేదెని ఊరికే చూడాలి. రస్కిన్ అడిగిన చూపూ, చర్చిల్ వద్దనుకున్న భయమూ ఆ ఐదు నిమిషాల్లోనే ఉన్నాయి. పెన్సిళ్లు తేలిక చేసేది సరిగ్గా వాటినే.

కాబట్టి నేను చెప్పేది వరస మార్చమని. ముందు ఒకే ఒక్క ముదురు రంగు, ఇండిగోనో బర్న్‌ట్ అంబరో. ఒక గుండ్రటి బ్రష్. డబ్బు పెట్టేదేదో కాగితం మీద పెట్టండి, 300 జీఎస్ఎమ్‌కి తగ్గకుండా. పల్చటి డ్రాయింగ్ బుక్ కాగితం తడవగానే ముడతలు పడుతుంది, రంగు ఆ గుంటల్లో చేరుతుంది. ఒక నెల ఇలా వేశాక పెన్సిళ్లు తీస్తే వాటి అసలు గుణం తెలుస్తుంది. ముందే తడిపిన కాగితం మీద గీస్తే గీత మెత్తగా, ముదురుగా దిగుతుంది, సులువుగా పోదు. పెన్సిల్ మొన మీంచే తడి బ్రష్‌తో రంగు తీసుకుని వెయ్యొచ్చు. అప్పుడు పెన్సిల్ కూడా మనల్ని ముందు ఆలోచించుకోమంటుంది.

ఒక హాబీకి ఇంత పట్టింపు అవసరమా అనొచ్చు. నాకు రాజమండ్రి గుర్తొస్తుంది. 1910ల్లో అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే. ఉద్యోగం కాలేజీ నడపడం, బొమ్మలు వెయ్యడం ఇష్టం. ఆయన దగ్గర చేరిన కుర్రాళ్లలో అడివి బాపిరాజు, దామెర్ల రామారావు ఉన్నారు. దామెర్ల బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లడంలో ఆయన చెయ్యి ఉంది. 1925లో, ముప్పై నిండకుండానే దామెర్ల పోయాడు. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ చూడొచ్చు. తెలుగువాళ్లం కూల్డ్రేని తలుచుకునేది ముఖ్యంగా ఆ కుర్రాళ్లని గుర్తుపట్టినందుకే. తనే బ్రష్ పట్టుకుని తంటాలు పడ్డ మనిషి కాబట్టి గుర్తుపట్టగలిగాడని నేననుకుంటాను.

మనం వేసే గేదెల్ని ఎవరూ గ్యాలరీలో పెట్టరు. కానీ ఎప్పుడైనా ఒక మంచి నీటిరంగుల చిత్రం ముందు నిలబడితే, ఏ తడి ముందు పడిందో, చెయ్యి ఎక్కడ ఆగిందో మనకి కనపడుతుంది. నాకైతే అది చాలు.