ఆలంబనము లేని భయము

కంబములో మా బంధువుల యింట నొక చిత్రపటము వ్రేలాడుచున్నది. చిత్రకళాశాలలో చదివి వచ్చిన ఆ యింటి చిన్నవాడు తన అవ్వను అందులో చిత్రించినాడు. ముఖము పచ్చిమామిడి పిందె రంగు. ఒక కన్ను పెద్దది, రెండవది చిన్నది. ఒడిలోని చేతులు మఱ్ఱివేళ్లవలె లావై ముడివడియున్నవి. వెనుకనున్న గోడ నిట్టనిలువుగా నుండక అవ్వమీదికి వ్రాలుచున్నట్లున్నది. గృహప్రవేశమునాడు వచ్చినవారందఱును దానిని చూచి నవ్విరి. "అవ్వ ఇట్లుండెనా రా? ఇంత రూక పోసి చదివించినది ఇందుకా?" అని పెదనాయన ఒకరు అడిగిరి. చిన్నవాడు బదులు పలుకలేదు. మేమును ఆ దినమేమియు చెప్పలేకపోతిమి. ఈ సంచికకు వ్యాసము వ్రాయుడని సంఘమువారు కోరినప్పుడు, ఆ బాకీ తీర్చుకొనుటకు ఇది తగిన తావని తోచినది.

పెదనాయనగారి ప్రశ్న తప్పు కాదు. రవివర్మ 1894లో అచ్చుయంత్రము పెట్టినది మొదలు మన గోడలపై నిలిచినవి పోలిక కుదిరిన బొమ్మలే. లక్ష్మికి నాలుగు చేతులున్నను ప్రతి చేయియు చేయివలెనే యుండును. పోలిక కుదిరినదా లేదా యన్నదే మన కొలబద్ద. ఐరోపావారు ఎక్స్‌ప్రెషనిజ మనునట్టియు, మనవారు అభివ్యక్తివాద మనునట్టియు చిత్రపద్ధతి ఈ కొలబద్దనే విఱిచి పాఱవేసినది. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున వాస్తువిద్య చదువుచున్న నలుగురు యువకులు 'వంతెన' యను పేరుతో నొక కూటము కట్టిరి. కిర్ఖ్నర్ వారిలో ముఖ్యుడు. 1911లో మ్యూనిక్ నగరమున కాండిన్స్కీ, ఫ్రాన్స్ మార్కులు 'నీలి రౌతు' యను మఱియొక కూటమును నెలకొల్పిరి. కంటికి కనబడు రూపమును కాక, చూచువాని లోపల నడచు దానిని రంగులోను రేఖలోను పెట్టుట వీరి సంకల్పము. అయితే ఈ కూటములకు ముందే వీరికి త్రోవ చూపినవాడు నార్వే దేశపు ఎడ్వర్డ్ మంక్.

మంక్ 1893లో వ్రాసిన 'ఆక్రోశము' చూడని చదువరి యుండడు. ఆ ముఖము నేడు పిల్లల ఆటబొమ్మలపైకి గూడ ఎక్కినది. అంతగా పరిచయమైనందుననే దానిని మనము సరిగా చూచుట మానితిమి. ఆ వ్యక్తి అఱచుచున్నాడని పలువురు తలంతురు. ఆ రెండు చేతులును చెవులను మూసికొనుచున్నవి. ప్రకృతిని చీల్చుకొని పోవుచున్న ఒకానొక ఆక్రందనమును తాను వింటినని మంక్ వ్రాసికొన్నాడు. సూర్యాస్తమయ వేళ ఇద్దఱు మిత్రులతో నడచుచుండగా ఆకాశము నెత్తురువలె ఎఱ్ఱవడిన దనియు, మిత్రులు ముందునకు సాగిపోగా తాను వణకుచు నిలిచిపోతి ననియు అతడు చెప్పెను. పటములో ఆ మిత్రులిద్దఱును వంతెనపై నిటారుగా నున్నారు. వంతెన కమ్ములు గీచిన గీటువలె సూటిగా పోవుచున్నవి. వంపులన్నియు ఆకాశమునకును, నీటికిని, ఈ యొక్క శరీరమునకును మాత్రమే కలవు. లోపలి కలవరము వెలికి పోయినదో, వెలుపలి కలవరము లోనికి వచ్చినదో చెప్పుటకు వీలులేనట్లు ఆ రేఖలు ఒకదానిలో నొకటి కలసిపోయినవి. వాడిన సామగ్రి గొప్పది గాదు. అట్టముక్కపై రంగు పూసి, అచ్చటచ్చట అట్టను అట్లే విడిచిపెట్టినాడు.

మన అలంకారశాస్త్రముతో దీనిని పోల్చి చూచుట మాకెంతయు ఉపకరించినది. భయము స్థాయిభావము. దానికొక ఆలంబనము కావలెను. పులియో, రాక్షసుడో, కాలుచున్న లంకయో ఎదుట నుండవలెను. తిరువణ్ణామలై జిల్లాలోని చెంగము వేణుగోపాల పార్థసారథి ఆలయపు కప్పుపై నాయకరాజుల కాలమున వ్రాసిన రామాయణ చిత్రములు గలవు. వాటి క్రింద తెలుగున వ్రాతలును గలవు. అట్టి చిత్రములలో భయపడువాడును భయపెట్టునదియు నొక్కచోటనే కనబడుదురు. ఎవరు, ఎవరికి, ఎందుకు అనునది వ్రాత చెప్పును. మంక్ పటములో భయపడువాడు కలడు. భయపెట్టున దెక్కడ? వంతెనపై పులి లేదు. శత్రువు లేడు. ఆలంబనము లేని ఈ భయమునే నేటివారు ఆందోళన మనుచున్నారు. మన శాస్త్రమున చింత, శంక, త్రాసము మొదలైనవి వ్యభిచారిభావములు. స్థాయికి తోడుగా వచ్చి పోవుటయే వాటి పని. అభివ్యక్తివాదులు ఆ పరిచారకులకే పట్టము గట్టిరి. ఆలంబనమును తీసివేసినప్పుడు భావమును మోయుటకు రంగును రేఖయును దప్ప వేఱొండు మిగులదు. కావుననే ముఖము పచ్చనగును, గోడ వ్రాలును.

ఇది పరాయి సరకని త్రోసివేయువారు మా కంబపు లోయలో ఉరుమిని విననివారై యుండవలెను. దేవరాట్టమునకును, జక్కమ్మ కొలుపులకును మన కంబళపువారు వాయించు ఉరుమికి రెండు ముఖములు. ఒక ముఖమును కొట్టుదురు. రెండవ ముఖమున వంకర పుల్లతో తోలును రాయుదురు. అప్పుడు వెలువడునది తాళము కాదు, రాగము కాదు, మూలుగు. ఏ దుఃఖకథను అది చెప్పదు. తోలే మూలుగుచున్నది. వినువాని కడుపులో నేదో కదలును. మన వృద్ధులు దానిని కొలువలో తూచి 'ఇది ఎవని ఏడ్పు?' అని యెన్నడును అడిగినవారు కారు. చెవికిచ్చిన ఆ స్వేచ్ఛను కంటి కేల ఈయరాదో మాకు తెలియకున్నది.

కారణము తెలిసిన దుఃఖమును గూడ ఈ పద్ధతి చెప్పగలదు. జర్మను చిత్రకారిణి కేథే కొల్విట్స్ చిన్నకొడుకు పీటర్ 1914 అక్టోబరులో యుద్ధమున కూలెను. కొంతకాలము గడచిన పిమ్మట ఆమె 'యుద్ధము' అను పేర ఏడు కొయ్యచెక్కడపు ముద్రలను చేసి 1923లో వెలువరించినది. వాటిలో 'తల్లిదండ్రులు' అను దానిలో మోకరిల్లిన ఇరువురును ఒక్క ముద్దయై యున్నారు. తండ్రి ముఖము చేతిలో దాగినది. తల్లి ముఖము కానరాదు. ముఖము లేనిచోట దుఃఖమును చేతులును వీపులును మోయుచున్నవి. కొయ్యచెక్కడమున నడిమి ఛాయలు దొరకవు. ఉలి తీసినచోటు తెలుపు, తీయనిచోటు నలుపు. మెత్తని కుంచెతో నైనచో ఆ దుఃఖము కొంత తియ్యనయ్యెడి దేమో.

కొల్విట్స్ ముద్రను చూచిన పిదప మేము మరల అవ్వ పటమునకు వచ్చితిమి. అవ్వ కడపటి దినములు ఆ యింటివారందఱును ఎఱుగుదురు. ఆమె బజారు తమిళమును మఱచి, చిన్ననాటి తెలుగే పలుకుచుండెను. ఎవరినో పిలుచుచు, ఎవరు వచ్చినను 'నీవు కావు' అనుచు, చేతులు పిసుకుకొనుచు గోడప్రక్కన కూర్చుండెడిది. చిన్నవాడు ఆ చేతులనే చిత్రించినాడు. వయసులో నున్న అవ్వ ఛాయాపటము ప్రక్కగదిలో వేఱుగా నున్నది. పోలిక కావలసినవారికి అది చాలును.

చూచి నవ్వుట ఈ చిత్రములకు క్రొత్త కాదు. క్షయచే చనిపోయిన అక్కను తలంచుకొని మంక్ వ్రాసిన 'రోగిష్ఠి బాలిక'ను 1886లో అతని ఊరివారు నవ్వులపాలు చేసిరి. 1937లో నాజీలు మ్యూనిక్ నగరమున 'పతనకళ' యను పేర నవ్వించుటకే యొక ప్రదర్శనము పెట్టి, పటములు ప్రక్కన గోడలపై ఎత్తిపొడుపు మాటలు వ్రాయించిరి. కిర్ఖ్నర్ కృతులు ఆఱువందలకు పైగా ప్రభుత్వముచే లాగికొనబడెను. మఱుసటి యేడు అతడు ఆత్మహత్య చేసికొనెను. మా పెదనాయనగారి నవ్వు ఆ జాతిది కాదు, ఎంతమాత్రమును కాదు. అయినను ఇంటిలోని నవ్వు గూడ ఒక చేతిని ఆపివేయగలదు.

మన దక్షిణమున ఈ త్రోవ పట్టినవారిలో మాకు మిక్కిలి దగ్గఱగా తోచువారు కె. సి. ఎస్. పణిక్కరుగారు. వారు మలయాళీలే యైనను 1911లో పుట్టినది కోయంబత్తూరున. 1966లో మదరాసు చెంత చోళమండల కళాకారుల గ్రామమును స్థాపించినవారు. 1963 నుండి వారు వ్రాసిన 'పదములు, సంకేతములు' అను చిత్రశ్రేణిలో జాతకచక్రములవంటి గళ్లు, గుర్తులు, వరుసవరుసల అక్షరములు గలవు. ఆ అక్షరములను చదువబోయినచో చదువరావు. అవి అక్షరములవలె నున్నవి మాత్రమే. పండితులు దీనిని అభివ్యక్తివాదమున చేర్చరు. మంక్ పటములోని కేక ఇందు లేనిమాట నిజము. కాని కంబములోని తెలుగువానికి ఈ పటముల యెదుట గుండె ఝల్లుమనును. ఇంట తెలుగు పలికి, బడిలో తమిళము చదివిన మనవారిలో అనేకులకు చెంగము కప్పుపైనున్న తెలుగు వ్రాతయు ఇట్టి వంకరగీతలే. తన భాషయే యని తెలియును, చదువరాదు. దీనికి శత్రువు లేడు, పులి లేదు. ఆలంబనము లేని మన భయ మిదియే కావచ్చునని మాకు తోచినది.

చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టి, శాంతినికేతనమున చదివి, పారిసు చేరిన కృష్ణారెడ్డిగారి ముద్రాచిత్రములు వేఱొక తీరువి. ఒక్క లోహపు పలకపైననే చిక్కన పలుచనలలో భేదము గల సిరాలను మెత్తని, గట్టి రోలర్లతో ఎక్కించి పెక్కు రంగులు రాబట్టిన నేర్పరి ఆయన. 1968 నాటి 'ప్రదర్శనకారులు'లో మనుష్యులు మనుష్యులుగా నిలువక, ఎత్తిన చేతుల అలయైపోయినారు. ఆందోళన మను మాటకు మన భాషలో కలవరమనియు, పోరాటమనియు రెండర్థములు గలవు. ఆ ముద్రలో రెండును కానవచ్చును.

ఇంత చెప్పిన పిదప చిన్నవానిని గూర్చియు నిజము చెప్పవలెను. నిరుడు అతడు రెండవ పటము చూపినాడు. ఎఱ్ఱని అలల ఆకాశము, ఒక వంతెన, నోరు తెఱచిన యొక ముఖము. పడమటి కనుమల వెనుక ప్రొద్దు క్రుంకుట మన లోయలో నిత్యము చూచుచున్నదే. ఆ ఎఱుపు ఈ ఎఱుపు కాదు. ఇది నార్వే నుండి ఎరువు తెచ్చుకొన్నది. అందు మాకు ఒక్క గీతయు వణకుచున్నట్లు తోచలేదు. ఆ మాట అతనితోనే చెప్పితిమి. ముఖము చిన్నబుచ్చుకొన్నాడు. పిదప ఆ పటమును గోడవైపునకు త్రిప్పిపెట్టి, అవ్వ పటమును దింపి, ఎడమచేతి వ్రేళ్లు ఇంకను కుదురలేదని మాకు చూపసాగినాడు.